ఎర్రగీత మీద ఎర్నమ్మ

నేను ఒక యూరియా బస్తాను. నన్ను నేసినవాళ్లకి బరువు మొయ్యడం తప్ప నాతో వేరే పని పడలేదు. రైతు జోగినాయుడు లోపలి ఎరువు వరిచేలో చల్లి, నన్ను కళ్లంలో పారేశాడు. అక్కణ్ణుంచి గవరయ్య మాస్టారు బడికి పట్టుకొచ్చి, కడిగి, కుట్లు విప్పి, నా తెల్లటి లోవైపు మీద ఊరి జనాన్నంతా గీశారు. అడుగున పసిపిల్లలు, పైకి పోయేకొద్దీ ముసలివాళ్లు. పదేళ్లకొక పట్టీ; ఆ వయసువాళ్లు ఎంత ఎక్కువైతే పట్టీ అంత వెడల్పు.

వయసులు అడిగి వచ్చింది పిల్లలే. నడివయసు ఆడవాళ్లు నాలుగేళ్లు మింగేశారు, ముసలాళ్లు ఐదేళ్లు కలుపుకున్నారు. ఆ అబద్ధాలన్నీ నేనే మోశాను.

"కొన్ని దేశాలకి అడుగు వెడల్పు, అంటే పిల్లలెక్కువ. జపానుకి పైన బరువు, అంటే ముసలివాళ్లెక్కువ. మన దేశంలో సగటు ఆయుష్షు సుమారు డెబ్బై," అంటూ మాస్టారు ఎద్దుకొమ్ములకి పూసే ఎర్రరంగుతో డెబ్బై దగ్గర అడ్డంగా గీత కొట్టారు.

మర్నాడు పొద్దున్నే ఎర్నమ్మ బడికొచ్చి పడింది. వెనకాల ఉబ్బిన కళ్లతో మనవరాలు పావని.

"ఏటి బాబూ, నాకు ఎర్రగీత కొట్టేసినావట? అరవై తొమ్మిది నిండినాయి, ఇంకొక్క ఏడాదే ఉంతానని ఇది కూడు మానీసింది, నన్నొగ్గి ఎల్లనంతంది. సోమారం గురుకులంలో సేరకపోతే సీటు పోద్ది. ఆ గీత సెరిపెయ్యి!"

మాస్టారి మొహం పాలిపోయింది. గీత గీశారే గాని, అదేమిటో చెప్పలేదు.

"పెద్దమ్మా, మీ అమ్మకి మీరెంతమంది?"

"తొమ్మండుగురం. నలుగురు ఉయ్యాల్లోనే పోనారు."

"పావనీ, ఆ నలుగురికీ తలా ఏడాది వెయ్యి. మిగతా ఐదుగురూ ఎనభై బతుకుతారనుకో. సగటెంత?"

పావని వేళ్ల మీద లెక్కేసింది. "నలభై అయిదు దగ్గర."

"మరి ఆ తొమ్మిదిమందిలో నలభై అయిదుకి పోయినవాళ్లెవరు?"

పావని మళ్లీ వేళ్లు చూసుకుంది. "ఎవరూ లేరు సార్."

"అదీ సగటంటే. ఉయ్యాల దాటి, కాన్పులు దాటి ఇక్కడిదాకా వచ్చిన మనిషికి ముందింకా పదీ పన్నెండేళ్లుంటాయి. మాట ఇవ్వలేను గాని, లెక్క అదే."

"ఇంకా పన్నెండేళ్లా! ఆ ముక్క నా మోకాళ్లకి సెప్పు బాబూ," అంది ఎర్నమ్మ. పావని కిసుక్కుమంది. కుంచె అందుకుని, ఎర్రగీతకి పైన చిన్న గడి గీసి అమ్మమ్మ పేరు రాసింది. సోమవారం బస్సెక్కింది.

తర్వాత బడికి అచ్చుపటాలొచ్చాయి. నేను ఎర్నమ్మ చేతికొచ్చాను. పావనికి సెలవులిచ్చినప్పుడల్లా బస్సు ఆగే చోట నన్ను పరుచుకుని కూర్చుంటుంది. ఇప్పుడామెకి డెబ్బై నాలుగు. కూర్చునేది సరిగ్గా ఎర్రగీత మీదే.