పరదా ఇవతలి చేతులు

"రేపు దొర ముంగట నువ్వు నోరు తెరవద్దు. చేతులొక్కటే ఆడించు."

బియ్యంలో రాళ్లు ఏరుతుంటే మా ఆయన వేణుగోపాల్ అన్న మాట. చాట ఆపకుండానే విన్నాను. కొత్తేమీ కాదు, ఈ ఇంట్లో నన్ను ఎప్పుడూ అడిగేవి చేతులే.

ఆయన విలాయతు కుట్టుమిషన్ల కంపెనీకి పాతబస్తీ ఏజెంటు. మొదట్లో ఒక్క మిషనూ పోలేదు. కొన్నవాళ్ల ఇంటికి వెళ్లి కుట్టు నేర్పాలని కంపెనీ నియమం. ఇక్కడి దేవిడీలలో, అంటే నవాబుల పెద్ద లోగిళ్లలో, మిషను ముందు కూర్చునేది ఆడవాళ్లు, వాళ్లుండేది పరదా వెనక. మగవాడు అంతదాకా పోలేడు. అప్పుడు ఆయనకు నేను గుర్తొచ్చాను. పొద్దున్నే వంట ముగించి, పరదా కట్టిన రిక్షాలో ఇల్లిల్లూ తిరిగాను. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కుర్తాకు చేతులు అతకడం దాకా నేర్పాను. మిషన్లు అమ్ముడుపోయాయి. బొంబాయి ఆఫీసు ఆయనకు గోడగడియారం బహుమానంగా పంపింది. నేను ఆలస్యంగా వస్తే అత్త దానివంకే చూపించేది. "ఊరందరికీ కుట్టు నేర్పుతది గని, మగనికి యాళ్లకు ఇంత బువ్వ పెట్టరాదు."

కంపెనీలో నా పేరూ రాయించమని ఒకసారి అడిగాను. "పెండ్లయిన ఆడోళ్లను తీస్కోవద్దని విలాయత్ల రూలున్నది. అయినా నువ్వు వేరు, నేను వేరా?" అన్నాడు, ఆ గడియారం కిందే నిలబడి.

ఇప్పుడు కంపెనీ పురుషోత్తం అనే దర్జీని పంతులుగా పెట్టింది. పరదా బయట కూర్చుని గట్టిగా పాఠం చెబితే లోపలివాళ్లు నేర్చుకుంటారని బొంబాయి దొర ఆలోచన. అది సాగుతుందని చూపిస్తే మా ఆయన మేనేజరవుతాడు. చూపించడానికి లోపల, దొరకు తెలియకుండా, నేనుండాలి. ఆ తర్వాత నా అవసరం లేదు. ఆ ఇళ్లకు నేను పోవడమూ ఉండదు.

మర్నాడు శాలిబండలో జహీరున్నిసా బేగం దేవిడీ. పరదా అవతల దొర, మా ఆయన, పురుషోత్తం. ఇవతల బేగం, ఆమె చిన్న కోడలు, నేను. వాళ్లింట నేను నీళ్లు తాగనని ఎరిగి, నేను వచ్చే రోజు బేగం మిషను పక్కన కోయని బత్తాయి ఒకటి పెట్టించేది. మా ఇంట్లో నా దాహం ఎవరూ కనిపెట్టలేదు.

"సూది దించండి! బట్ట ముందుకు జరపండి!" పురుషోత్తం అరిచాడు.

చిన్న కోడలు ఫక్కున నవ్వింది. "కౌన్ చిల్లారా కోమలమ్మా, ఎవరా అరిచేది? ఏ సూది? ఎటు ముందు?"

నేను చక్రం మీద చెయ్యి వేశాను. కుట్టు సాగిన చప్పుడుకు దొర "షాబాష్" అన్నాడు.

"అంతా నా ట్రైనింగే సార్." మా ఆయన గొంతు.

ఆ గొంతు కొంచెమైనా తడబడి ఉంటే ఊరుకునేదాన్నేమో. ఆయన ఆ మాటను నిజంగానే నమ్ముతున్నాడు. ఇక్కడి పరదా గుమ్మానికి వేలాడుతోంది. మా ఇంట్లోది ఆయన కళ్లకే వేలాడుతోందని అప్పుడు కనబడింది.

చక్రం మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. చప్పుడు ఆగింది. పురుషోత్తం ఇంకా గట్టిగా అరిచాడు.

"కోమలా! ఏమైంది? తిప్పు!" కంగారులో మా ఆయన నన్నే పిలిచేశాడు.

"కోమల ఎవరు?" దొర హిందూస్తానీలో అడిగాడు.

బేగం బత్తాయి నా చేతిలో పెట్టి, "బోలో అమ్మా" అంది.

"ఈ బస్తీలో మీ మిషన్ల మీద కుట్టు నేర్పింది నేనే సాబ్," దొరకు తెలిసిన హిందూస్తానీలోనే అన్నాను. "పేరు కోమలవల్లి. పెళ్లయింది. మీ రూలు మార్చి నా పేరు రాసుకుంటే రేపు వస్తాను. లేదంటే మీ పంతుల్ని అట్లాగే అరుస్తూ ఉండమనండి."

"ఇంటికి రా, నీ సంగతి చెప్త!" మా ఆయన పళ్లు నూరాడు.

"మీరు నడువుండ్రి," అన్నాను. "పొయ్యి మీరే రాజేసుకోండ్రి. ఇయ్యాల నాకు ఆలస్యమైతది."

బత్తాయి వలుచుకుని తిన్నాను.