బొంత వెనకవైపు

ఓజెల్లాకు కూతురి మీద కోపం వచ్చింది గోడ మీద బొంత బొమ్మ వేసినందుకు కాదు, బొంతను వెనకవైపు నుంచి వేసినందుకు.

అలబామా నది ఒంపులో ఉన్న ఆ ఊళ్లో, మార్చి ఎండ రాగానే ఇంటింటా బొంతలు తీగల మీదికెక్కుతాయి. మొహం రోడ్డు వైపు, వెనక ఇంటి వైపు. మొహం మీద ఉండేది పనితనం. పాత చొక్కాలూ గౌన్లూ కత్తిరించి కలిపిన రంగులు. వెనకాల ఉండేది వట్టి పిండి సంచి గుడ్డ, దాని మీద దారం ముళ్లు, తప్పుకుట్లు. వాటిని ఊరికి చూపించిన ఆడమనిషి ఇంతవరకూ పుట్టలేదు. అలాంటిది, మొబీల్ నగరంలో గోడల మీద బొమ్మలేసి పేరు తెచ్చుకున్న కూతురు టేవియా సొంత ఊరికి వచ్చి, చర్చికి పోయే దారిలో టాలివర్ కిరాణా కొట్టు పక్కగోడ నిండా వేసింది ఆ పిండి సంచినే.

ఓజెల్లా కనీసం ట్రక్కు దిగలేదు. రోడ్డవతల నుంచే చూసింది. మాసిన తెలుపు, దాని మీద వంకరటింకర కుట్లు, అక్కడక్కడ మెరిసే చుక్కలు. ఒళ్లు మండిపోయింది.

"నా దగ్గర నేర్చుకుంది ఇదేనటే? నా లంగా తిరగేసి ఊరందరి ముందూ ఆరేశావు కదే!" అంది కూతురు ఇంటికి రాగానే.

"ఒక్కసారి దగ్గరికొచ్చి చూడమ్మా. నీ కుట్టూ మన నదీ తప్ప నాకింకేం తెలుసు చెప్పు?"

"నా ముళ్లు కనపడుతున్నాయి గానీ నది కనపడట్లేదులే."

"ఆ ముళ్లే కదమ్మా నాకు..."

"ఇంక నోర్ముయ్."

అంత మొండిది ఓజెల్లా. నిజానికి ఆవిడ కుట్టు పట్టింది నదిని చూసే. గట్టు మీద కూర్చుని, గాలికి నీళ్లు ఎలా ముడతలు పడతాయో చూసి, ఇంటికొచ్చి అదే వంపును దారంతో వేసేది. అడవిలో కొత్త పూత కనపడితే ఆ రంగు చొక్కా కోసం ఇల్లంతా గాలించేది. కూతురికి ఆ కళ్లు ఇచ్చింది తానే. కోపంలో ఆ సంగతే మరిచిపోయింది.

ఆదివారం చర్చి మెట్ల మీద టాలివర్‌ను ఆపింది. "బ్రదర్, ఆ గోడకి తెల్ల పెయింటేసెయ్యండి. ఆ దారిన తలెత్తుకుని నడవలేకపోతున్నా."

"పిల్ల ఊళ్లో ఉండగా ఎందుకులే సిస్టర్, వెళ్లాక చూద్దాం" అన్నాడాయన. పెద్దమనిషి.

టేవియా వెళ్లింది. ఆ తర్వాత తల్లీకూతుళ్లు ఫోన్లో కూడా పలకరించుకోలేదు. ఏప్రిల్ చివర్లో, మొబీల్‌లో ఇంకో గోడ దగ్గర నిచ్చెన జారి పడి టేవియా చచ్చిపోయింది. బిడ్డను సమాధి దగ్గరికి తీసుకెళ్తున్నంతసేపూ ఓజెల్లా కారులో తల వంచుకునే ఉంది. దారిలో ఏ గోడా చూడలేదు. తర్వాత గడప దాటనూ లేదు.

పోయినవాళ్ల పనిబట్టలతో బొంత కుట్టి, ఇంట్లోవాళ్లు అది కప్పుకుని పడుకోవడం అక్కడి ఆనవాయితీ. చర్చి ఆడవాళ్లు వచ్చారు. వాసానికి కట్టిన బొంత కుట్టే చట్రాన్ని తాళ్లతో కిందికి దించారు. టేవియా జీన్స్ ముక్కలు పరిచి చుట్టూ కూర్చున్నారు. కుడుతుంటే ఓజెల్లా వేలి తొడుగు జారి చట్రం కిందికి దొర్లిపోయింది. వంగింది, అందలేదు. మోకాళ్ల మీద పాకింది. తొడుగు దొరికింది గానీ లేవడానికి ఓపిక లేక, అక్కడే వెల్లకిలా వాలింది. పైకి చూసింది.

పైన పిండి సంచి గుడ్డ. దాని మీద ముళ్లు. కిటికీ వెలుగు గుడ్డలోంచి మసకగా దిగుతోంది. సూది మొనలు టక్కున పొడుచుకొచ్చి, మెరిసి, మాయమవుతున్నాయి. పైచెయ్యి సూది దించుతుంటే, కింది చెయ్యి మొన ఎక్కడ తగులుతుందా అని వేలితో వెతుక్కుంటోంది. అంతమంది ఆడవాళ్ల చేతులు. ముడతలు పడుతున్న నీళ్ల అడుగున పడుకున్నట్టే ఉంది.

"వదినా, ఏమైంది? కళ్లు తిరిగాయా?" ఎర్నస్టీన్ వంగి చూసింది. ఓజెల్లా భర్త చెల్లెలావిడ.

"చిన్నప్పుడు మనం కుడుతుంటే నా పిల్ల ఎక్కడుండేది, ఎర్నస్టీన్?"

"ఎక్కడేంటి? నువ్విప్పుడు పడుకున్న చోటే. అన్నానికి పిలిచినా వచ్చేది కాదు మహాతల్లి."

ఓజెల్లాకు ఏడుపు కూడా రాలేదు. బిడ్డ తనను వెక్కిరించలేదు. ఆ పిల్ల చూస్తూ పెరిగిన ఆకాశాన్ని తెచ్చి గోడ మీద పెట్టింది.

"ట్రక్కు తియ్యి, కొట్టు దగ్గరికి పోవాలి" అంది.

వెళ్లేసరికి టాలివర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పక్కగోడ తెల్లగా మెరిసిపోతోంది.

"చెప్పావు కదా సిస్టర్" అన్నాడాయన టోపీ తీసి. "అంత్యక్రియలకి ఈ దారినే వస్తావు, చూస్తే మనసు కష్టపెట్టుకుంటావని, ముందు రోజే వేసేశా."

ఆయన్నేమంటుంది? అడిగింది తనే. "మంచిపని చేశారు బ్రదర్" అని పెదవులతో అంది.

"ఒక మాట అడుగుతా, ఏమనుకోకు. పెయింటేద్దామని దగ్గరికెళ్లాకే నాకూ కనపడింది. కింద మూలకి ఒక చెయ్యి వేసింది పిల్ల. ఆడమనిషి ఎడంచెయ్యి. మధ్యవేలి నిండా సూదిగాట్లు. గోడంతా తెలుపే, ఆ చెయ్యి ఒక్కదానికే ఒంటిరంగు వేసింది. నీదేనా సిస్టర్ అది?"

ఆ చెయ్యి ఎక్కడుందో చూపించమంది ఓజెల్లా. ఆయన చూపించాడు. అక్కడ కూలబడి, ఆ చోటును గోటితో గీకడం మొదలుపెట్టింది. తెలుపు కింద తెలుపే వచ్చింది. గోరు విరిగినా ఆపలేదు.

"రాదు సిస్టర్" అన్నాడు టాలివర్. "నీకెప్పటికీ కనపడకూడదని మూడు కోటింగులేశాను."