కిటికీ అవతల బడి గేటు

అమ్మకానికి పెట్టిన ఆ ఫ్లాటు అన్నయ్యది, ఎక్కడుందో చుట్టాలెవరూ ఎరగరు. అందులో తలదాచుకున్నవాళ్లు చెల్లెలూ, ఆమె ఆరేళ్ల కూతురు బుజ్జీ. మొగుడి దెబ్బలు పడలేక కట్టుబట్టలతో వచ్చేసిన మనిషి. ఆమె ఎక్కడుందో అన్నయ్యకు తప్ప మరో నరమానవుడికి తెలియదు. తెలిస్తే మొగుడు ఊరుకునే రకమా! ‘నిన్నేం చెయ్యను, పిల్లను ఎత్తుకుపోతాను, ఏడ్చి చావు’ అన్నది అతని నోట ఆమె విన్న ఆఖరి మాట.

ముందు ఆమే ఫోనుతో ఫొటోలు తీసి పంపింది. గదులు గుహల్లా, కిటికీలు తెల్లటి వెలుగు ముద్దల్లా వచ్చాయి. వాటిని చూసి ఒక్కడూ పలకలేదని బ్రోకరు మొత్తుకుంటే, ఇళ్ల ఫొటోలు తీయడమే వృత్తిగా ఉన్న ఒకాయన్ని అన్నయ్య పంపించాడు.

ఫొటోల్లో పిల్ల జాడ పడకూడదని ఆయన వచ్చేలోపల ఆమె ఇల్లు జల్లెడ పట్టింది. బుజ్జి యూనిఫాం, బొమ్మలు, గోడమీద అంటించిన పిచ్చి బొమ్మలు, అన్నీ మంచం కిందికి తోసేసింది. కిటికీల సంగతి మాత్రం తట్టలేదు. తట్టడానికి తన ఫొటోల్లో అక్కడేమీ కనిపించలేదుగా!

ఫొటోగ్రాఫరు మహా చాదస్తపు మనిషి. గిన్నెల స్టాండు సర్దాడు, కుళాయి తుడిచాడు, కెమెరాను స్టాండుకు బిగించి కదలకుండా ఒకే చోట టకటకా నాలుగైదుసార్లు నొక్కాడు.

“ఒక్క వంటింటికి అన్నెందుకండీ?” అందామె, బడి వదిలే వేళవుతోందన్న కంగారులో.

“కొన్ని గది వెలుతురుకు మేడం, కొన్ని కిటికీ వెలుతురుకు. కంప్యూటర్లో అన్నీ కలిపేస్తా. చూడండి ఎలా ఉంటుందో!”

ఆమెకు అర్థం కాలేదు. అడిగే తీరికా లేదు.

రెండ్రోజుల తర్వాత మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు. మంచివాడే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

“చెల్లాయ్, ఫొటోలు చూశావా? ఇది మన కొంపేనా అనిపించిందనుకో! ఆపుకోలేక పొద్దున్నే బ్రోకరు నంబరుతో సహా మనవాళ్లందరికీ పంపేశా.”

ఆమె గబగబా తెరిచి చూసింది. వంటిల్లు మెరిసిపోతోంది. దాని కిటికీలో, అద్దం తుడిచినంత స్పష్టంగా, రోడ్డుకు అవతల బుజ్జి చదివే బడి. గేటు మీద బడి పేరు, కింద వీధి పేరు అక్షరం పొల్లుపోకుండా చదవొచ్చు.

“ఎవరెవరికి పంపావన్నయ్యా?”

“చుట్టాల గ్రూపులోనే. అడ్రసు లేదుగా, నీకెందుకు భయం?”

“ఆ గ్రూపులో మా ఆడపడుచు ఉంది!”

అన్నయ్యకున్న అంత పెద్ద నోరూ అప్పుడు మూతపడింది. ఏం లాభం!

ఆమె వెంటనే బ్రోకరుకు ఫోన్ చేసింది. “ఆ వంటింటి ఫొటో తీసేయండి, ఇప్పుడే!”

“భలేవారమ్మా, గిరాకీ దానివల్లేగా! ఇందాకే ఒకాయన ఫోన్ చేశాడు. రేటూ అడగలేదు, గదులూ అడగలేదు. ఎదురుగా ఉన్న బడి ఎన్నింటికి వదులుతారని అడిగాడు. పిల్లలున్నవాడు కాబోలు, చెప్పాను.”

ఆమె కిటికీ దగ్గరికి పరిగెత్తింది. బడి గంట మోగుతోంది. గేటు ముందు మూగిన తల్లిదండ్రుల్లో, చేతిలో చాక్లెట్ల డబ్బాతో, అతను.

చెప్పులు లేవు, తలుపు వేసిందో లేదో తెలియదు. మెట్లు ఎలా దిగిందో ఆ దేవుడికే తెలియాలి.

అతను ఆమెను చూసి నవ్వాడు. “వంటిల్లు బాగుంది. మంచి వెలుతురు,” అన్నాడు, పక్కింటాయన పలకరించినంత మామూలుగా.

“పాప నాన్నగారటగా అమ్మా, పిలిపించాను,” అన్నాడు బడి వాచ్‌మన్.

వాచ్‌మన్ తప్పేముంది? బళ్లో ఎవరికీ ఏమీ చెప్పలేదామె. పరువు పోతుందన్నాడు అన్నయ్య, ఈమె సిగ్గుపడింది. బుజ్జికీ చెప్పలేదు. దెబ్బలన్నీ తలుపు వేశాకే పడేవి, కాబట్టి ఆ పిల్లకు నాన్నంటే చాక్లెట్లే.

“నాన్నా!” బుజ్జి గేటు వైపు ఒక్క ఉరుకున వస్తోంది. అతను చేతులు చాచాడు.

ఆమె నోరు వీధంతా తిరిగి చూసేలా పెగిలింది.

“గేటెయ్యండి! వీడు నన్ను చావగొట్టినవాడు! పిల్లను ఎత్తుకుపోవడానికొచ్చాడు! గేటెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది!”

“పిచ్చిదండీ. ఇంటి గొడవ,” అన్నాడతను చుట్టూ చూసి, నవ్వు చెదరకుండా.

వాచ్‌మన్ అతన్ని చూశాడు, ఆమెను చూశాడు, గేటు ధడాలున మూసి గడియ పెట్టాడు. ఎవరి తల్లో ఒకావిడ వచ్చి అతనికీ గేటుకీ మధ్య నిలబడింది. ఆవిడ పక్కన ఇంకొకాయన. మరొకాయన పోలీసులకు ఫోన్ కలిపాడు. అది విని అతను డబ్బా చంకన పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచి సందు తిరిగాడు.

ఆమె గేటు చువ్వలు పట్టుకుని బుజ్జి ముందు కూచుంది. బుజ్జి లోపలి నుంచి ఆమె వేళ్లు పట్టుకుంది. ఆ పిల్ల ఏడవడం లేదు, తల్లి మొహంలోకే చూస్తోంది.

“అమ్మా, నాన్న నిన్ను కొట్టేవాడా?”

ఆమె చుట్టూ చూసింది. అందరూ వింటున్నారు.

“కొట్టేవాడమ్మా,” అంది.