డోలీవాళ్లకు పాయింట్లు లేవు

నాలుగు వెంట్రుకలు మిగిలేలా కత్తిరించుకున్న బ్రష్షును పెదవుల మధ్య పెట్టి కొస దేర్చి, వైకుంఠం అంగుళం ఎత్తు మనిషి భుజం మీద ఎర్రమచ్చ పెట్టాడు. డోలీ కర్ర ఒరుసుకుని తోలు లేచిన మచ్చ అది. బల్ల మీద నిలబెడితే ఎవరికీ కనిపించదు. అయినా పెట్టాడు. రెండో భుజానికి కూడా పెట్టాడు.

శాలిబండలో అతని ఇంటి మేడమీది గదిలో వానకాలపు ఉక్క పొద్దున్నే మొదలైంది. గాజు అల్మారాలో పై అర నిండా శాతవాహనుల ఏనుగులు, దాని కింద కాకతీయుల కాల్బలం, ఆ కింద గోల్కొండ ముట్టడి, అట్టడుగున బర్మా అడవిలో జీపులు. సీసంతో పోసిన సైనికులను అమ్మేవాళ్లున్నారు. డోలీ మోసేవాళ్లను, నీళ్లు మోసేవాళ్లను ఎవరూ అమ్మరు. అందుకని వాళ్లను ఎం-సీల్ ముద్దతో వైకుంఠమే చేసుకున్నాడు.

అతను పెద్ద దవాఖానలో స్ట్రెచర్ తోస్తాడు. లిఫ్టు ఆగిననాడు మోస్తాడు. అక్కడ అతన్ని "ఓ స్ట్రెచర్" అని పిలుస్తారు. ఆ పిలుపుకు పలికి పలికి, ఒకసారి బజార్లో ఎవరో పేరు పెట్టి పిలిస్తే తననే అనుకోక ముందుకు నడిచిపోయాడు.

ఈ ఆట అతనికి నేర్పింది అంజన్. యాకుత్‌పురా స్టేషన్లో టికెట్లు ఇచ్చే అంజన్ వయసులో ఉన్నప్పుడు ఆదివారం పాతపుస్తకాల బజార్లో బొమ్మ సైన్యాలతో యుద్ధాలాడటం నేర్పే పుస్తకం ఒకటి కొన్నాడు. ఆ ఆటలో బల్లే యుద్ధభూమి. దళాలు ఎంత దూరం నడవాలో టేపు చెబుతుంది, ఎవరు పడాలో పాచికలు చెబుతాయి. మొదట అట్టముక్కల సైన్యాలతో ఆడుకున్నారు. వైకుంఠం ఆటకు ఒకే ఒక్క నియమం చేర్చాడు. యుద్ధం ముగిశాక, చాయ్ ముట్టుకునే ముందు, పడినవాళ్లందరినీ డోలీల్లో ఎత్తించి బల్ల అంచుకు చేర్చాలి. అంజన్ నవ్వాడు, కానీ ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లూ పాటించాడు.

అఫ్జల్‌గంజ్‌లో గిన్నెల దుకాణం పైగదిలో ఆ ఆదివారం మరాఠాలకూ ఇంగ్లీషువాళ్లకూ జరిగిన అస్సాయే యుద్ధం ఆడబోతున్నారు. వాళ్లతో కొత్తగా చేరిన నందు పెద్ద బల్ల చేయించి, ఆటను ఫోన్లో వీడియో తీసి నలుగురికీ చూపిస్తున్నాడు. ఒక్కో దళానికి ఎన్ని పాయింట్లో చూసుకుంటూ వచ్చి, వైకుంఠం పేర్చిన వరుస దగ్గర ఆగాడు.

"వీళ్లెవరు అంకుల్?"

"డోలీవాళ్లు."

"వీళ్లకు పాయింట్లు లేవు గదా. వీడియోకు మస్తు అడ్డమొస్తున్నరు. తీసేద్దాం."

"పాయింట్లు లేకుంటే మనుషులు గారా?"

"బొమ్మలే గదా అంకుల్."

"గా గుర్రాలోళ్లు గూడ బొమ్మలే. మరి వాళ్లను తియ్యి."

నందు అంజన్ వైపు చూశాడు. వైకుంఠం కూడా చూశాడు. అంజన్ గొంతు సవరించుకున్నాడు.

"ఇయ్యాల్టికి ఇడ్సిపెట్టు వైకుంఠం. నలుగురు చూసెటిది. గింత దానికి లొల్లెందుకు?"

అంటూ అంజనే చెయ్యి చాపి డోలీవాళ్లను ఏరాడు. సైనికులను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో జాగ్రత్తగా కాదు, పల్లీలు ఏరినట్టు గుప్పిట్లోకి ఏరి, ఖాళీ మిఠాయి డబ్బాలో పోశాడు. ఒక డోలీ కర్ర పటుక్కున విరిగింది.

వైకుంఠం ముఖం మండిపోయింది. అంజన్ గుండె పట్టుకుని కూలిన రోజు, గల్లీలోకి అంబులెన్సు రాలేకపోతే, ఇంట్లోంచి రోడ్డు దాకా అతన్ని భుజాన వేసుకుని ఉరికింది తనే. ఆ మాట నాలుక కొసకు వచ్చింది. కానీ అంటే, మోసినదానికి కూలి అడిగినట్టుంటుంది. మింగేశాడు.

"మీరే ఆడుకోండ్రి" అని మెట్లు దిగాడు.

బస్సెక్కలేదు. మూసీ వంతెన మీద, మదీనా చౌరస్తా జనంలో, చార్మినార్ పక్కన, కోపమే అతన్ని నడిపించింది. "పడ్డోన్ని ఎవడు లేపాలె మరి? డబ్బాల ఏస్తే అయిపాయెనా?" అని పైకే అంటుంటే గాజుల బండివాడు ఎగాదిగా చూశాడు. శాలిబండ ఎత్తు ఎక్కేటప్పుడు ఎడమచెయ్యి లాగింది. మూసి ఉన్న ఒక షట్టర్‌కు ఆనుకుని నిలబడ్డాడు. ఆకలేమో అనుకున్నాడు.

రాజమణి భర్త ముఖం చూసి ఏమీ అడగకుండా అన్నం పెట్టింది. చెమటకు తడిసిన చొక్కాను అతనే బకెట్లో జాడించి, పిండీ పిండకుండా గది బయట తీగ మీద వేసి వచ్చాడు. పచ్చిపులుసుతో రెండు ముద్దలు తిని, జరిగింది చెప్పాడు.

"నేను తప్పు మాట్లాడిన్నా, రాజమణీ?"

"తప్పేముంది? నువ్వు మాట్లాడింది తక్కువనే. గా అంజన్ అన్నను అక్కడ్నే అడగకపోతివి."

"వచ్చే ఆదివారం అడుగుత."

చాప కూడా లేకుండా నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. కళ్లు మూసుకుని మాటలు పేర్చుకుంటున్నాడు. వాళ్లు లేకుంటే నీ యుద్ధం ఒక్కపూట గూడ నడ్వదు అంజన్. నీళ్లిచ్చెటోడు లేడు. లేపెటోడు లేడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఎప్పుడు ఆగాయో రాజమణి చూడలేదు. నిద్ర పట్టిందనుకుని ఫ్యాను అతని వైపు తిప్పి కిందికి వెళ్లింది. చాయ్ పట్టుకొచ్చి పిలిస్తే పలకలేదు. భుజం తట్టింది. చల్లగా ఉంది.

చీకటి పడకముందే అంజన్ వచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా. విరిగిన కర్రను ఫెవికాల్‌తో అతికించి తెచ్చాడు. మెట్ల నిండా చెప్పులు, వాకిట్లో మనుషులు కనిపించి ఆగిపోయాడు. లోపలికి వచ్చి నేల మీది వైకుంఠాన్ని చూశాడు.

"తప్పయింది చెల్లె."

"నాకెందుకు చెప్తవన్నా?" అంది రాజమణి. ఆమె గొంతులో ఏడుపు లేదు. "ఆయనకు చెప్పాల్సింది. కండ్లు మూసేదాంక నీతోనే మాట్లాడిండు."

అంజన్ ఆ డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకునే నిలబడ్డాడు.

మీద కప్పడానికి ఉతికిన దుప్పటి తెమ్మన్నారెవరో. రాజమణి గది బయటికి వెళ్లింది. దుప్పటి పక్కనే వైకుంఠం చొక్కా తీగకు వేలాడుతోంది. భుజాల దగ్గర బట్ట అరిగి జల్లెడైంది. కింది అంచున నీరు దిగి, చుక్క కట్టి, రాలకుండా ఉంది.