వెనకవైపు పేరు లేని కార్డు

మా నిఘంటువు ఆఫీసులో నాకు పంతొమ్మిదేళ్ల సర్వీసు. కొత్తగా చేరిన పిల్లకు తొమ్మిది నెలలు. అయినా "అనధికారికం" అన్న మాట నా బల్ల మీది నుంచి ఆ పిల్ల బల్ల మీదికి వెళ్లింది. ముందే చెప్పేస్తున్నాను, నాకు కడుపు మండింది. దీన్ని ఇంకాస్త మర్యాదగా చెప్పడం రాక కాదు, పర్యాయపదాల మీద బతికే మనిషిని. అసూయ, ఈర్ష్య, ఓర్వలేనితనం, కుళ్లు. నాకు సరిగ్గా అతికేది చివరిదే.

మొదట ఆ మాట నాకే ఇచ్చారు. పద్ధతి ప్రకారం రాశాను. అధికార ముద్ర గానీ, రుజువు పత్రం గానీ లేనిది అని అర్థం చెప్పి, పక్కన వరసగా నిరాధారం, ధ్రువపడనిది, వినికిడి, పుకారు, నోటిమాట అని పేర్చాను. సంపాదకులు చదివి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఇవన్నీ ఒకటేనా అని అడిగారు. ఆ కాగితం పట్టుకెళ్లి ఆ పిల్లకిచ్చారు. ఆఫీసంతా ఆమెను పిచ్చుక అంటారు. ఎక్కడ ఇద్దరు మాట్లాడుకుంటుంటే అక్కడ వాలి, చిన్న పుస్తకంలో ఏదో గీక్కుని ఎగిరిపోతుంది.

మూడు రోజుల్లో రాసి తెచ్చింది. నిరాధారమంటే కింద ఏమీ లేదని తేల్చేసినట్టు. ధ్రువపడనిది ఇంకా తేలాల్సి ఉంది. వినికిడికి కనీసం విన్నవాడొకడు ఉంటాడు, పుకారుకు వాడూ దొరకడు. అనధికారికం వీటిలో చేరదు. అందులో విషయం నిజమే కావచ్చు, అందరికీ తెలిసే ఉండవచ్చు, చెప్పాల్సినవాళ్లు చెప్పలేదంతే. ఇదంతా రాసి, కింద ఒక ఉదాహరణ ఇచ్చింది.

"కాగితం మీద ఇద్దరు కూతుళ్లూ సమానమే. అమ్మకు చిన్నదే ముద్దని అనధికారికంగా ఇంటిల్లిపాదికీ తెలుసు."

సంపాదకులు ఆ వాక్యాన్ని పైకి రెండుసార్లు చదివారు. పంతొమ్మిదేళ్లలో నా వాక్యం ఏదీ ఆయన రెండోసారి చదవగా నేను వినలేదు. అదలా ఉంచితే, అది నాకు కొత్తగా అనిపించలేదు. ఎక్కడో చదివాను. ఆ విరుపు, ఆ తూకం నాకు బాగా తెలిసినవే. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు అంత మాట ఎక్కణ్ణించి వస్తుంది? ఏ నవలలోంచో ఎత్తేసి ఉంటుంది. అలా అనుకోగానే ప్రాణం లేచొచ్చింది.

మా పని తీరు కొంచెం చెప్పాలి. ప్రతి ఉదాహరణకూ ఒక కార్డు ఉంటుంది. కార్డు వెనకవైపు ఆధారం రాయాలి. పుస్తకంలోదైతే దాని పేరు, పేజీ. చెవిన పడ్డదైతే తేదీ, చోటు, అన్న మనిషి పేరు. సొంతంగా అల్లారనో, కాపీ కొట్టి దాచారనో తేలితే ఇంటికి పంపేస్తారు. అలా ఇద్దరు వెళ్లడం నేను చూశాను. ఇంకో నియమం కూడా ఉంది, ఆఫీసువాళ్ల నోటి మాటలు ఉదాహరణలుగా చెల్లవు. అది పదేళ్ల కిందట నేను పట్టుబట్టి పెట్టించిందే. అప్పట్లో ఒకాయన టీ గదిలో రోజుకో సొగసైన వాక్యం వదిలి, పక్కవాడి చేత రాయించి నిఘంటువులోకి ఎక్కేసేవాడు.

కార్డులు సరిచూసేది నేనే. పిచ్చుక కార్డు తిప్పి చూస్తే "విన్నది" అని, దాని కింద ఒక తేదీ ఉన్నాయి. పేరు లేదు, చోటు లేదు. తేదీని నేను పట్టించుకోలేదు. దొంగ దొరికిన సంబరంలో ఉన్నాను.

నాలుగు రోజులు నవలలు తిరగేశాను. అక్కాచెల్లెళ్లున్న కథ ఒక్కటీ వదల్లేదు. ఇంటికి కూడా సంచులతో మోసుకెళ్లాను. భోజనం చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచి, ఇంతకీ ఏం వెతుకుతున్నావని మా ఆయన అడిగాడు. ఒక పిల్ల చేసిన తప్పు అన్నాను. దొరికితే నీకేమొస్తుందన్నాడు. పేజీ తిప్పాను.

వాక్యం దొరకలేదు. దొరకనికొద్దీ నా అనుమానం గట్టిపడింది. ఆధారం లేదు, కాపీ అని నా గట్టి నమ్మకం అని చీటీ రాసి సంపాదకుల బల్ల మీద పెట్టాను. నా నమ్మకానికి ఆధారమేమిటని నన్నెవరూ అడగలేదు.

పిచ్చుకకు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ శుక్రవారమే తేలాలి. బుధవారం మధ్యాహ్నం సంపాదకులు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచి, ఆమెను నెమ్మదిగానే అడిగారు. పుస్తకంలోది కాదంది. తను అల్లింది కాదంది. మరి ఎవరన్నారంటే, చెప్పలేనండీ అని నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. ఆ చూపును నేను భయమనుకున్నాను. సాయంత్రం ఐదింటిలోపు పేరు చెప్పకపోతే శుక్రవారం దాకా ఆగే పని లేదన్నారాయన. నేను లోలోపల చంకలు గుద్దుకుంటూ నా సీటుకొచ్చాను.

చెల్లని కార్డు మీద ఎర్ర సిరాతో గీత కొట్టి, వెనకనున్న తేదీని రిజిస్టరులో ఎక్కించాలి. గీత కొట్టాను. తేదీ సగం రాసి, కార్డు దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చదివాను.

ఆరు నెలల కిందట, ఆ తేదీకి ముందురోజు, లాయరు గదిలో మా అమ్మ వీలునామా చదివారు. ఇల్లు మా ఇద్దరికీ చెరి సగం. పుస్తకాలు, గిన్నెలు కూడా చెరి సగం. చెల్లెలు నా పక్కనే కూర్చుంది. దాని చేతికి అమ్మ గడియారం ఉంది. ఆ గడియారం ఏ కాగితంలోనూ లేదు. అమ్మ ఎప్పుడిచ్చిందని నేను అడగలేదు, అదీ చెప్పలేదు. మర్నాడు టీ గదిలో గ్లాసు కడుగుతుంటే ఎవరో వీలునామా సంగతి అడిగారు. ఏదో అన్నాను. అనేసి, కొళాయి పెద్దగా తిప్పుకుని మొహం కడుక్కున్నాను. కిటికీ దగ్గర పిచ్చుక నిలబడి ఉంది.

ఏమన్నానో ఇన్నాళ్లూ గుర్తు లేదు. ఇప్పుడు ఎర్ర గీత కింద కనిపిస్తోంది. నాలుగు రోజులుగా నవలల్లో నేను వెతికింది నా నోటి మాటనే.

పిచ్చుక బల్ల దగ్గరికి వెళ్లేసరికి ఆ పిల్ల సొరుగు ఖాళీ చేసుకుంటోంది. నా పేరెందుకు చెప్పలేదని అడిగాను.

"ఆ రోజు మీరు ఏడ్చారక్కా. ఏడుస్తూ అన్న మాట వెనక పేరెలా రాయను?"

"మరెందుకు వాడావు?"

"అంతకన్నా బాగా చెప్పినవాళ్లు నాకు దొరకలేదు."

నిజం చెప్తున్నాను, నేను గోడ గడియారం వైపు చూశాను. ఇంకా ఇరవై నిమిషాలుంది. నేను ఊరుకుంటే చాలు, ఆ పిల్ల వెళ్లిపోతుంది, మాట నా బల్ల మీదికి తిరిగొస్తుంది. ఆమె నోరు మెదపదని నాకు తెలుసు. లాయరు గదిలో నా చెల్లెలూ అలాగే ఏమీ మాట్లాడకుండా కూర్చుంది, ఆరు నెలలుగా నేను దాన్ని దొంగగానే చూస్తున్నాను. కార్డు తీసుకుని సంపాదకుల గదికి నడిచాను.

ఆ వాక్యం నాదని చెప్పాను. ఆధారమేమిటన్నారు. ఆ అమ్మాయి విన్నది తప్ప ఇంకేమీ లేదన్నాను. మీ నియమం ప్రకారమే ఇది చెల్లదు కదా అన్నారు. గీత కొట్టేశానని చూపించాను. ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయం చెయ్యమని, ఆ మాట కూడా ఆమె దగ్గరే ఉంచమని అడిగాను. ఆ రెండోది అడుగుతున్నప్పుడు కూడా కడుపులో మంట తగ్గలేదు.

ఆయన గీత కింది వాక్యాన్ని మూడోసారి చదువుకుని, కళ్లజోడు తీసేశారు.

"నిజంగానే మీ అమ్మగారికి చెల్లెలే ముద్దా?"

"ఎక్కడా రాసి లేదండీ," అన్నాను.