బంగారం పక్కన పిల్ల

ఆ ఒడ్డున నోరు విప్పకూడదు. సరుకు ఇసుకలో పరిచి, వచ్చామని తెలిసేలా పొగ వేసి, పడవెక్కి కూర్చోవాలి. తుప్పల్లోంచి అక్కడివాళ్ళు వచ్చి, సరుకు పక్కన బంగారం పోసి మళ్ళీ దాక్కుంటారు. చాలిందనిపిస్తే బంగారం తీసుకుని వెళ్ళిపోతాం. చాలకపోతే ముట్టుకోకుండా పడవ దగ్గరికి వచ్చేస్తాం, వాళ్ళు ఇంకాస్త కలుపుతారు. తాతల నాటి నుంచీ ఇంతే, ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. మా కార్తేజు పట్నం సంతలో గొంతు చించుకునేవాళ్ళు ఆ ఒడ్డుకొచ్చి బుద్ధి తెచ్చుకోవాలి.

ఈసారి మేం తెచ్చింది గోధుమలు. దిగి చూస్తే బంగారం పిడికెడు కూడా లేదు. దాని పక్కన నాలుగేళ్ళ ఆడపిల్ల కూర్చుని వేలు చీకుతోంది.

"కరువులా ఉంది బావా," అని చెవిలో గొణిగాను.

పడవ యజమాని గెర్సకోను మా అక్క మొగుడు. "మనం అడిగామేంటి? వాళ్ళే పెట్టారు," అన్నాడు. "సంతలో మంచి ధర పలుకుద్ది. ఎత్తుకో."

"నీ కూతురైతే ఎత్తుకోమంటావా?"

"నాకే నీతులు చెప్పొచ్చావురా! నా ఉప్పు తింటూ!" అని లోగొంతుకతోనే కసిరాడు గానీ, పిల్ల వైపు చూడలేకపోయాడు. ఏమీ ముట్టుకోకుండా పడవెక్కాం.

అదే మేం చేసిన తప్పు. పిల్ల వద్దని చెప్పామనుకున్నాం. ఆ ఒడ్డున ఉత్తచేతులతో వెనక్కి వస్తే, చాలలేదని అర్థం. పొద్దు వాలేసరికి పిల్ల పక్కన తల్లి కూడా వచ్చి కూర్చుంది.

నేను బావ భుజం పట్టి కుదిపాను. "మళ్ళీ వెనక్కి పోతే ఇంకెవర్ని తెచ్చి కూర్చోబెడతారో!"

గెర్సకోను పడవ దిగి వెళ్ళాడు. ఉన్న బంగారం మొలలో దోపుకుని, గోధుమలన్నీ వదిలేసి పడవ వైపు నడిచాడు. బేరం తెగింది, ఇక ఆ తల్లి ఇంటికి పోతుందిలే అనుకున్నాను. పడవ నెట్టి చూస్తే, పిల్లను చంకనేసుకుని ఆమె మా వెనకే నీళ్ళలోకి దిగింది. బంగారం తీసుకున్నామంటే పక్కనున్నవాళ్ళూ మాకు చెందినట్టే. నడుము లోతులో నిలబడి పిల్లను పైకెత్తి అందించబోయింది. పొమ్మని చెయ్యి ఊపాను. రమ్మన్నాననుకుందేమో, ఇంకో అడుగు వేసింది.

గెర్సకోను లేచి నిలబడి గొంతు పగిలేలా అరిచాడు. "పోవే తల్లీ! పిల్లని తీసుకుని ఇంటికి పో! నువ్వొద్దు, నీ పిల్లా వద్దు! ఆ గోధుమలు వండి పెట్టుకో!"

మా భాష ఆమెకేం తెలుసు? కానీ అతని గడ్డం మీదుగా కారుతున్న కన్నీళ్ళు చూసింది. పిల్లను గుండెకు హత్తుకుంది. ఒక్కసారిగా వెనక్కి తిరిగి, గోధుమ బస్తాలు దాటుకుంటూ తుప్పల్లోకి పరుగెత్తింది.