సొరంగంలో ఎక్కేవాళ్లు

నల్లమల కొండల మీదుగా పోయే పాత రైల్లో ఎడమవైపు కిటికీల కోసం రోజూ కొట్లాటే. లోయ అటువైపే ఉంటుంది. వాన పడితే బండల మీంచి దూకే నీళ్లు, గాలికి ఊగే వెదురు పొదలు కూడా అటువైపే. హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఫోన్లు బయటపెట్టి వీడియోలు తీస్తుంటారు. సొరంగం దగ్గరపడగానే మాత్రం అందరూ జరిగి చోటిస్తారు. తెల్లదొరల కాలంలో ఆ కొండను తొలుస్తూ చచ్చిపోయిన కూలీలు ఈ కొసన ఎక్కి ఆ కొసన దిగిపోతారు. ఒకరు వాళ్లకు మంచినీళ్లిస్తారు, ఒకరు బీడీ ఇస్తారు.

వనపర్తి పక్క పల్లె నుంచి వచ్చిన జములమ్మ ఆ రోజు అడవి వైపు చూడనే లేదు. ఆమె ఎదురుగా మేస్త్రీ వెంకటన్న, అతని పక్కన ఆమె మరిది శేఖర్, చుట్టూ వాళ్ల ఊరి కూలీలు. కొండల అవతల నీళ్ల కాలువ కోసం తవ్వుతున్న కొత్త సొరంగంలో పనికి పోతున్నారు. కిందటేడు ఆమె మొగుడు మాసయ్య కూడా ఈ మేస్త్రీ వెంటే అక్కడికి పోయాడు. మళ్లీ రాలేదు. ఎవతినో లేపుకుపోయాడని వెంకటన్న చెప్తే ఊరు నమ్మింది. జములమ్మ నమ్మలేదు.

"నువ్వెందుకొస్తున్నవమ్మా? ఆడోళ్లకు పని లేదక్కడ," అన్నాడు వెంకటన్న.

"పనికి వస్తలేను. మా మరిదిని వాపస్ తీస్కపోనీకి వచ్చిన."

"వదినా, జర ఊకో. అందరు చూస్తున్నరు," అన్నాడు శేఖర్.

"చూడనియ్యి. మీ అన్న మీద చెప్పింది అందరు ఇన్నరు గద. గిది గూడ ఇననియ్యి."

రైలు కూత వేసి చీకట్లోకి దూరింది. దీపాల గుడ్డి వెలుగులో దొరల కాలం కూలీలు ఎక్కారు. అందరిలోకీ పెద్దవాడు పెద్దన్న గడ్డపారను సీటు కిందికి తోసి జములమ్మ పక్కన కూర్చున్నాడు. ఆమె నీళ్ల సీసా అందించింది.

"తాతా, వేరే కొండ కింద పోయినోళ్లు గూడ మీ తానకు వస్తరా?"

"వస్తరు బిడ్డా. కింద కొండలన్ని ఒకటే."

"అయితే మా ఆయనను పిలువు. మాసయ్య."

వెంకటన్న లేవబోయాడు. జములమ్మ కాలు అడ్డం పెట్టింది. "కూసో. నిజమే చెప్పినవు గద, ఏం భయం నీకు?"

పెద్దన్న తలుపు దగ్గరికి పోయి కేకేశాడు. చీకట్లో ఆ పేరు ఒక నోటి నుంచి ఇంకో నోటికి దూరంగా పోయింది.

మాసయ్య ఎక్కాడు. మిగతావాళ్ల ఒంటి మీద ఎప్పటిదో ఎండిన దుమ్ము, అతని బట్టల నుంచి మాత్రం ఇంకా బురద నీళ్లు కారుతున్నాయి. నెత్తి మీద పసుపు హెల్మెట్ సగానికి పగిలి ఉంది. ఎవరో పట్నం పిల్ల జరిగి దారిచ్చింది. అతను మేస్త్రీ పక్కనే కూర్చున్నాడు.

"పైనుంచి నీళ్లు కారుతున్నయి, కప్పు కూలతదని చెప్పిన గద మేస్త్రీ. అయినా లోపటికి పొమ్మన్నవు."

మాసయ్య తమ్ముడి వైపు తిరిగాడు. "తమ్మీ, బువ్వ తిన్నవా?"

శేఖర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. జములమ్మ కొంగుతో మొగుడి మొహం మీది బురద తుడిచింది. అంతలో వెలుగొచ్చింది. సొరంగంలో ఎక్కిన కూలీలు లేచారు. ఆమె చెయ్యి పట్టుకునేలోపే మాసయ్య వాళ్ల వెంట దిగిపోయాడు. సీటు తడిగా ఉంది.

అడవి నడుమ చిన్న స్టేషన్ వచ్చింది.

"దిగు, శేఖర్," అంది జములమ్మ.

అతను సంచి భుజాన వేసుకున్నాడు. అతని వెనకే ఊరి కూలీలంతా లేచారు.

"ఏయ్, ఎటు పోతున్నరు? పొద్దుగూకేదాక బండి లేదు! గీ అడివిల ఏం జేస్తరు?" అని అరిచాడు వెంకటన్న.

"కూసుంటం," అంది జములమ్మ.

మేస్త్రీ ఒక్కడినే తీసుకుని రైలు సాగిపోయింది. ప్లాట్‌ఫారం మీద జములమ్మ కూలబడి, ఏడాదిగా ఊరు ఏడవనివ్వని ఏడుపంతా గొంతెత్తి ఏడ్చింది. ఊరివాళ్లు ఆమె చుట్టూ నేల మీదే కూర్చున్నారు.

చాలాసేపటికి శేఖర్ మెల్లగా అడిగాడు. "వదినా, మనం మళ్లిపోయేటప్పుడు అన్న మళ్ల ఎక్కుతడా?"

జములమ్మ మొహం తుడుచుకుని కొంగు నడుముకు బిగించింది.

"ఎక్కుతడు. ఈసారి దిగనియ్యను."